కాపీలు పెరిగాయన్నారు

ఈమెను వీధిలో అందరూ గుండీలమ్మ అంటారు. వయసు ముప్పై మూడు సంవత్సరాల ఐదు నెలలు. పదకొండేళ్ళుగా నేను ఈమెను ఎరుగుదును. ఎరుగుదును అన్న మాట తేలికగా వాడడం లేదు. ఈమె కాపురం మా ఇంటి పై వాటాలోనే. మెట్లు దిగే చప్పుడును బట్టి పనికి ఆలస్యమైందో లేదో చెప్పగలను. నేను ఒక కార్యాలయంలో ముప్పై ఆరేళ్ళు ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసి విరమించినవాణ్ణి. చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు రాయడం నా వృత్తి. ఈ కాగితంలోనూ అదే చేయదలిచాను. ఒకచోట నా తప్పు కూడా వస్తుంది. దానిని తప్పించి రాయలేదు.

గుండీలమ్మ పనిచేసేది చొక్కాలు కుట్టే కర్మాగారంలో, కాజాలు గుండీల వరుసలో. చొక్కాకు ముందు ఏడు, చేతులకు రెండు, లోపలి అంచున అదనంగా ఒకటి. కుట్టిన చొక్కా చేతికి వస్తే కళ్ళతో చూడదు, బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్కసారి తడిమి, ఏ గుండీ వదులో చెబుతుంది. ఆ వరుసలో నలభై యంత్రాలు ఒకేసారి నడుస్తాయి. ఆ రొదలో ఏళ్ళ తరబడి కూర్చున్నందువల్ల ఎదుటివారి పెదవులు చూసి మాట పట్టుకోవడం ఈమెకు అలవాటైంది. ఫోనులో పెదవులు కనబడవు. జరిగినదానికంతటికీ మొదలు అక్కడే ఉంది.

భర్త లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది అత్తగారు, ఆరేళ్ళ కూతురు. కూతురిని పిచ్చుక అంటారు.

పిచ్చుకకు పుట్టినప్పటి నుంచీ కళ్ళు పచ్చగా ఉండేవి. కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టాలు పుట్టుకతోనే మూసుకుపోయాయని, నెలల పిల్లగా ఉండగా ఒక ఆపరేషను చేశారని, అది కొంతకాలమే నిలిచిందని ఆసుపత్రి కాగితాల్లో ఉంది. నాలుగేళ్ళు వచ్చేసరికి పొట్ట ముందుకు, కాళ్ళు పుల్లల్లా తయారై, కాలేయం మార్చక తప్పదన్నారు. ఎవరిది ఇవ్వాలన్న చర్చ ఆ ఇంట్లో జరగలేదు. తల్లి కాలేయంలో ఎడమవైపు ముక్క తీసి పిల్లకు అమర్చారు. ఇప్పటికి ఇరవై రెండు నెలలు. పిల్ల కళ్ళు తెల్లబడ్డాయి. ప్రస్తుతం ఇల్లు పీకి పందిరి వేస్తోంది.

ఆపరేషనుకు వారం ముందు తల్లీ పిల్లల రక్తాలు పరీక్షించి ఒక కాగితం ఇచ్చారు. గుండీలమ్మ దానిని నా దగ్గరికి తెచ్చింది.

"బాబాయిగారూ, నాది పాజిటివ్ అట, పిల్లది నెగటివ్ అట. అంటే నేను పాసై అది ఫెయిలయిందా?"

నాకూ తెలియలేదు. మర్నాడు ఆసుపత్రిలో అడిగి వచ్చి తనే చెప్పింది. ఒక వైరస్ ఉన్నదట. లోకంలో చాలామందికి చిన్నతనంలో మామూలు జ్వరంలా వచ్చి పోతుందట. పోతుంది అంటే పోదట, ఒంట్లో ఒక మూల పడుకుని ఉంటుందట. తల్లి ఒంట్లో అది ఉంది. పిల్లకు ఇంకా సోకలేదు. కాలేయం ముక్కతో పాటు అదీ పిల్లలోకి వెళుతుంది. అందుకని కనిపెట్టి ఉండాలి.

అప్పుడు అత్తగారు వాకిట్లో బట్టలు మడతపెడుతూ, "కన్నదీ నువ్వే, కాలేయం ఇచ్చేదీ నువ్వే, పైగా పురుగుని కూడా కట్నంగా పంపుతున్నావు. బాగా సర్దావే సంచీ," అంది. గుండీలమ్మ నవ్వింది. నవ్వుతూనే మెట్లెక్కింది. ఆ తరువాత రెండు రోజులు పనికి వెళ్ళలేదు.

కనిపెట్టి ఉండడం అంటే ఏమిటో కూడా రాయాలి. కొత్త కాలేయాన్ని పరాయిదని ఒళ్ళు తిప్పికొట్టకుండా పిల్లకు రెండు పూటలా మందు పోస్తారు. ఆ మందు ఒంట్లోని కాపలాను జోకొడుతుంది. కాపలా మరీ నిద్రపోతే వైరస్ లేస్తుంది. మందు తగ్గిస్తే కాపలా లేచి కాలేయం మీద పడవచ్చు. ఈ రెండు ప్రమాదాలకూ నడుమ ఉన్నది సిరంజి మీద ఒకటి రెండు గీతలు. ఏ గీత దగ్గర ఆగాలో వైద్యులు రక్తం చూసి చెబుతారు. అందుకని మొదట వారానికొకసారి, పిదప పక్షానికొకసారి, ఇప్పుడు నెలకొకసారి రక్తం తీస్తున్నారు.

రక్తం తీసే సిస్టరుకూ పిచ్చుకకూ ప్రతిసారీ ఒకే సంభాషణ.

"నా రక్తం తీసుకెళ్ళి ఏం చేస్తావు?"

"లెక్కపెడతామమ్మా."

"నీకు ఎంతవరకు వచ్చు లెక్క?"

రిపోర్టు వచ్చిన కాగితం వేడికి అక్షరం తేలే రకం. నెలా రెండు నెలల్లో వెలిసి తెల్లబడుతుంది. కనుక ప్రతి రిపోర్టునూ నేను ఒక రూళ్ళ పుస్తకంలోకి ఎక్కించి, మరి రెండు శుద్ధప్రతులు తీసేవాణ్ణి. ఒకటి ఆసుపత్రి ఫైలుకు, ఒకటి గుండీలమ్మ సంచికి. కార్యాలయపు అలవాటు చొప్పున పుట అడుగున "కాపీలు: మూడు" అని వేసేవాణ్ణి. గుండీలమ్మకు కాపీలంటే అవే.

గత నెల రిపోర్టును కూడా పుస్తకంలోకి ఎక్కించిన మర్నాడు, మంగళవారం పగటి పూట ఆమె యంత్రం మీద ఉండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అవతల సిస్టరు. ఆమె చెప్పినది ఇది. ఈ మాటలు తరువాత ఆమె నోటే విని రాసుకున్నాను: "పాప వాళ్ళమ్మేనా? కాపీలు పెరిగాయమ్మా. ఇదివరకు నాలుగొందల చిల్లర ఉండేవి, ఇప్పుడు ఐదు వేలు దాటాయి. తగ్గించాలి. సాయంత్రం డోసు ఒక గీత తగ్గించండి. రాసుకున్నారా?"

గుండీలమ్మ "ఆ, ఆ, సరేనండి" అన్నది. నలభై యంత్రాల నడుమ ఆమె చెవిన పడ్డ మాటలు నాలుగు. కాపీలు, ఐదు వేలు, తగ్గించాలి, గీత.

సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా నా గుమ్మంలో నిలబడింది.

"బాబాయిగారూ, మీరు ఎన్ని కాపీలు రాస్తున్నారు?"

"మూడమ్మా. ఎప్పుడూ మూడే."

"ఐదు వేలు దాటాయంటున్నారు."

"ఐదు వేలు రాయాలంటే నేను మళ్ళీ పుట్టి రావాలి. ఎవరన్నారు?"

"ఆసుపత్రి వాళ్ళే. ఇదివరకు నాలుగొందలు ఉండేవట. తగ్గించాలన్నారు. ఏదో గీత అన్నారు. అదనంగా ఉన్నవాటి మీద గీత కొట్టేయమని కాబోలు."

మెట్ల మీద నుంచి అత్తగారు అందుకుంది. "ఆయన రాత చూసి ముచ్చటపడి ఎవరో జిరాక్సు తీయించుకుని ఉంటారు. గోడలకి అంటించుకోవడానికి."

"నువ్వూరుకో అత్తా. వాళ్ళకి కోపం వస్తే రేపు పిల్లని ఎవరు చూస్తారు?"

"చూడకేం చేస్తారు? వాళ్ళు కుట్టిందేగా. కుట్టినవాళ్ళే చూసుకోవాలి. నీకు తెలియని విషయమా?"

నిజం చెప్పాలంటే నేను కూడా కంగారుపడ్డాను. పిల్ల జబ్బు కాగితాలు ఐదు వేలు బయట తిరుగుతున్నాయంటే ఎవరి చేతుల్లో ఉన్నాయి, ఎందుకు ఉన్నాయి, నా చేతిరాత అక్కడికి ఎలా చేరింది? కార్యాలయంలో ఒకే ఒక్క అదనపు ప్రతి బయటికి పొక్కినందుకు ఒక మనిషికి ఉద్యోగం పోవడం చూశాను. పుస్తకం తీసి పుటలు లెక్కపెట్టాను. సంచిలో ఉన్న ప్రతుల మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీతలు కొట్టాను. ఆపైన ఒక సంజాయిషీ రాశాను. అందులోని వాక్యాలు ఇవి: "మా వద్ద నున్న కాపీలు మూడు మాత్రమే. అంతకు మించి బయలుదేరిన కాపీలకు మేము బాధ్యులము కాము. ఇకమీదట ఒక్క కాపీకి పరిమితము చేయగలవారము." గుండీలమ్మ కింద సంతకం చేసి, మరుసటి పరీక్షకు వెళ్ళేటప్పుడు ఇవ్వడానికి సంచిలో పెట్టుకుంది.

మందు మాట ఎవరికీ తట్టలేదు. పిల్లకు రెండు పూటలా పాత గీత వరకే పోస్తూ వచ్చారు. తొమ్మిదో రోజున జడ వేస్తుండగా పిల్ల మెడ పక్కన శెనగగింజంత గడ్డ గుండీలమ్మ వేలికి తగిలింది. గుండీ వదులైతే పట్టే వేలు అది. వెంటనే జడ వదిలేసి రెండోవైపు తడిమింది. అక్కడ లేదు.

పన్నెండో రోజు శనివారం. తల్లీ పిల్లలతో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. పిల్లల కాలేయ విభాగంలో ఉండే చిన్న డాక్టరమ్మ సంజాయిషీ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. నవ్వలేదు.

"మందు తగ్గించారా?"

"ఏ మందండీ?"

"సాయంత్రం డోసు ఒక గీత తగ్గించమని సిస్టర్ చెప్పలేదా?"

"కాపీలు తగ్గించమన్నారండి. తగ్గించేశాం. బాబాయిగారు రాయడమే మానేశారు."

సిస్టరు చేతిలో పని వదిలి, "నేను గీత అన్నానమ్మా. సరే అన్నారు కూడా," అంది.

"అన్నారండి. గీతలు కూడా కొట్టాం. చూపించనా?" అని గుండీలమ్మ సంచిలోంచి ఎర్ర గీతల కాగితాలు తీసి బల్ల మీద పరిచింది.

తరువాత డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, పెదవులు కనబడేలా నెమ్మదిగా చెప్పింది. "కాపీలంటే కాగితాలు కాదమ్మా. వైరస్ తనకి తానే నకలు తీసుకుంటూ పెరుగుతుంది. ఒక మిల్లీలీటరులో అలాంటి నకళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క అది."

"అంటే అది కూడా కూర్చుని రాసుకుంటూ పోతుందా?"

"అలాంటిదే."

గుండీలమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. అయినా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"పాత లెక్కలు చూస్తే ఎప్పటి నుంచి పెరుగుతోందో తెలుస్తుంది. పాత ప్రయోగశాలతో ఒప్పందం ముగిసింది, వాళ్ళ లెక్కలు మా కంప్యూటర్లోకి ఇంకా ఎక్కలేదు. మీ పుస్తకం ఉందిగా?"

పుస్తకం ఇచ్చాను. డాక్టరమ్మ ఒక్కొక్క పుటా తిప్పింది. తేదీ ఉంది, గొట్టం సంఖ్య ఉంది, మూత రంగు ఉంది, ప్రయోగశాల పేరు ఉంది, రక్తం ఏ రూపంలో పరీక్షించారో ఉంది, రిపోర్టు మీద సంతకం చేసినవారి హోదా కూడా ఉంది.

"ఇందులో కాపీల లెక్క ఏదండీ?"

ఆ లెక్క నేను ఎక్కించలేదు. కార్యాలయంలో శుద్ధప్రతి తీసేటప్పుడు అసలు ఉత్తరం అడుగున ఎవరెవరికి ఎన్ని కాపీలు పంపారో ఉంటుంది. దానిని ప్రతిలో దింపకూడదు, మన ప్రతుల లెక్క మాత్రమే వేయాలన్నది నియమం. రిపోర్టులో "కాపీలు" అన్న మాట కంటబడగానే నా చెయ్యి దాన్ని దాటి కింది వరుసకు పోయింది. పక్కన మిల్లీలీటరు అని ఉన్నది కూడా చదవలేదు. ఇరవై రెండు నెలల పాటు ప్రతిసారీ అంతే జాగ్రత్తగా వదిలేశాను. ఆసుపత్రి ఫైలుకు వెళ్ళిన ప్రతుల్లోనూ అదే లోపం. అసలు కాగితాలు వెలిసిపోయాయి. పాత ప్రయోగశాల ఇచ్చిన చివరి కాగితం మీద మాత్రం వెలుతురుకు ఎదురుగా పెడితే నాలుగు వందల పది అని ఆనవాలు కనిపించింది. సిస్టరు ఫోనులో చెప్పిన నాలుగొందలు, ఆ కాగితం వచ్చిన రోజు చూసి గుర్తుంచుకున్నదేనట.

ఈ సంగతి అక్కడే ఒప్పుకున్నాను. డాక్టరమ్మ చూపు పుస్తకంలో చివరి రెండు పుటల మీద నిలిచిపోయింది.

"ఇంతవరకు ప్లాస్మా, అంటే రక్తాన్ని తిప్పితే పైకి తేలే పసుపుపచ్చ నీరు. కొత్త చోట మొత్తం రక్తం. ఈ తేడా ఎవరూ చూడలేదు," అంది సిస్టరుతో. ఆపైన గుండీలమ్మతో, "ఈ వైరస్ ఎక్కువగా కణాల లోపల దాక్కుంటుందమ్మా. పై నీటిలో వెతికితే తక్కువ దొరుకుతుంది, మొత్తం రక్తంలో వెతికితే ఎక్కువ దొరుకుతుంది. అప్పటి నాలుగొందల పదీ, ఇప్పటి ఐదు వేల రెండొందల అరవయ్యీ ఒకే లెక్క అయినా కావొచ్చు," అంది.

"అయితే పెరగలేదన్నమాట."

"నిజంగా పెరిగి కూడా ఉండొచ్చు."

"పెరిగిందాండీ, లేదాండీ?"

"ఇవాళ నేను చెప్పలేను."

"పన్నెండు రోజులు నేను మందు తగ్గించలేదు. అది మంచిదైందా, చెడ్డదైందా?"

"అదీ చెప్పలేనమ్మా. పెరిగి ఉంటే ఆలస్యం చేసినట్టు. పెరగకపోయినా మందు తగ్గించి ఉంటే కాలేయానికి ముప్పు తెచ్చుకునేవాళ్ళం."

పిచ్చుక పరీక్ష బల్ల మీద కూర్చుని కాళ్ళు ఆడిస్తూ, "మరి ఏం చెప్పగలవు?" అంది.

"నువ్వు రెండు సెంటీమీటర్లు పొడుగయ్యావని చెప్పగలను."

"అది నాకూ తెలుసు. గౌను చెబుతోంది."

మెడలోని గడ్డను డాక్టరమ్మ చాలాసేపు తడిమింది. పిల్లకు జలుబు ఉంది. జలుబుకైనా ఇలాంటి గడ్డ వస్తుంది, వైరస్‌కైనా వస్తుంది అన్నది. చివరికి ఒక కాగితం మీద "డోసు మార్చవద్దు. వచ్చే గురువారం రక్తం తిరిగి తీయాలి" అని రాసి ముద్ర వేసి ఇచ్చింది. తాను చూసిన తేడా పెద్ద డాక్టరుగారితో మాట్లాడతానన్నది.

ఇంతటితో ముగిసినా బాగుండేది. సోమవారం నాడు విభాగం నుంచి అచ్చు కాగితం ఒకటి ఇంటికి చేరింది. అందులో "వైరస్ లెక్క 5,260. సాయంత్రపు డోసు ఒక గీత తగ్గించవలెను" అని ఉంది. కింద పెద్ద డాక్టరుగారి సంతకం, ముద్ర. తేదీ చూశాను. అదే శనివారం. చిన్న డాక్టరమ్మతో మాట్లాడక ముందు సంతకం చేశారో, మాట్లాడిన తరువాత చేశారో కాగితంలో లేదు. ఒక కాగితంలో రెండోదాని ప్రస్తావన లేదు.

"రెండింటి మీదా ముద్ర ఉంది బాబాయిగారూ. ఏ కాగితం మాట వినాలి?"

మా కార్యాలయంలో ఒకే విషయం మీద రెండు ఉత్తర్వులు వస్తే తరువాతిదే చెల్లుతుంది. ఒకే తేదీతో వస్తే ఏం చేయాలో నా ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ఎదురుకాలేదు. తెలియదని చెప్పాను. ఈమె మూడుసార్లు ఆసుపత్రికి ఫోను చేసింది, ఈసారి కర్మాగారం వెనకవైపు గోడ దగ్గరికి వెళ్ళి, రొద లేని చోటు నుంచి. ఒకసారి డాక్టరుగారు ఆపరేషనులో ఉన్నారన్నారు. ఒకసారి కాగితంలో ఉన్నట్టు చేయమన్నారు. ఏ కాగితం అని అడిగేలోపు పెట్టేశారు. మూడోసారి మోగి మోగి ఆగిపోయింది.

నిన్న సాయంత్రం మందు వేళకు నేను పై వాటాలో ఉన్నాను. రెండు కాగితాలూ గోడకు పక్కపక్కనే గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. గుండీలమ్మ సిరంజిలోకి పాత గీత వరకు మందు లాగింది. కాగితాల వైపు చూసి, ఒక గీత వెనక్కి నొక్కింది. మళ్ళీ లాగింది. అత్తగారు పిల్లను ఒళ్ళో పట్టుకుని, "తేల్చవే. దాని నోరు నొప్పెడుతోంది తెరిచి తెరిచి," అంది.

"తేల్చడానికి నేనెవర్ని అత్తా? చొక్కాకి గుండీ తప్పితే విప్పి మళ్ళీ కుడతాను. ఇది విప్పి కుట్టేది కాదు."

"నీ ముక్కేగా అది. నీ ముక్కకి ఏం కావాలో నీకు తెలియదా?"

"నాలో ఉన్నప్పుడే తెలియలేదు. ఇప్పుడేం తెలుస్తుంది?"

ఆఖరుకు పాత గీత వరకే పోసింది. ఎందుకు అని నేను అడగలేదు. ఆమే చెప్పింది: ఆ కాగితం రాసిన డాక్టరమ్మ పిల్ల మెడను చేత్తో తడిమి చూసింది, రెండో కాగితం రాసినవారు తడిమారో లేదో తెలియదు, అందుకని. అది సరైన కారణమేనా అని నన్ను అడిగింది. ఈ రోజు సాయంత్రం కూడా అదే ప్రశ్న వస్తుంది.

గుండీలమ్మ గురించి నేను ధ్రువీకరించగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇరవై రెండు నెలల్లో ఒక్క పూట మందు తప్పించలేదు. రక్తం తీయించవలసిన ఒక్క తేదీ దాటలేదు. చెప్పినది అర్థమైతే అక్షరాలా చేస్తుంది. ఈసారి చెప్పినది అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలో ఆమె పాలు కొంత, నా పాలు ఎక్కువ, ఆ ఒక్క మాటను రెండు అర్థాల్లో వదిలేసినవారి పాలు మరికొంత ఉంది. పిల్ల పాలు మాత్రం లేదు.

కావున ఆసుపత్రి పిల్లల కాలేయ విభాగపు ముఖ్య వైద్యులకు ఈమె తరఫున సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా: గురువారం నాడు పిల్ల రక్తం ఒకేసారి రెండు గొట్టాలలో తీయించి, ఒకటి పాత ప్రయోగశాలకు పాత పద్ధతిలో, ఒకటి కొత్త ప్రయోగశాలకు కొత్త పద్ధతిలో పరీక్షకు పంపించవలసిందిగాను, ఆ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసిన పిమ్మట మాత్రమే వైరస్ పెరిగినదీ లేనిదీ నిర్ణయించవలసిందిగాను, అటుపైన ప్రతి నెలా ఒకే చోట, ఒకే రకపు పరీక్ష చేయించవలసిందిగాను కోరుతున్నాను. నేను వదిలివేసిన పాత లెక్కలను పాత ప్రయోగశాల నుంచి తెప్పించే అధికారం నాకు లేదు, తమకు ఉన్నది. డోసు మార్పు ఏదైనా పని వేళల్లో ఫోనులో కాక, కాగితం మీద, ఒకే వైద్యుని సంతకంతో ఇప్పించి, తల్లి ఎదుట చదివి, ఆమె చేత తిరిగి చెప్పించుకోవలసిందిగా ప్రార్థన. ఇవి గురువారం దాకా ఆగగలవు. ఆగలేనిది ఒకటి ఉంది. శనివారం తేదీతో ఉన్న రెండు కాగితాలలో ఏది చెల్లుతుందో, ఏది రద్దయిందో, ఈ సాయంత్రం ఆరు గంటల లోపల ఈమెకు తెలియజేయించవలెనని కోరుతున్నాను.